ఎండ అందఱిది, పంట కొందఱిది

(పఠనమందిర సభలో గావించిన యుపన్యాసము)



మన దేశమున సూర్యుడు పొడువని జిల్లా లేదు. అయినను ఆ సూర్యుని వెలుతురునుండి విద్యుచ్ఛక్తిని పుట్టించు పని కొన్ని సీమలలో పైరువలె పండుచున్నది, కొన్ని సీమలలో మొలకయైన ఎత్తకున్నది. ఈ భేదము దైవకృతమా, మనుష్యకృతమా యని విచారించుటకే నేడు మీ యెదుట నిలిచితిని. ఎండ, గాలి మొదలగువానిని పునరుత్పాదక శక్తులని యిప్పటి పత్రికలు వ్రాయుచున్నవి. మాట కొంచెము బరువైనదే గాని భావము తేలిక. త్రవ్వినకొలది తఱుగునది రాక్షసిబొగ్గు. వాడినకొలది తఱుగనిది ఎండ.

ముందుగా లెక్కలు వినుడు. లెక్కలు చదువు ఉపన్యాసకుని శ్రోతలు ఎంతోసేపు సహింపరని యెఱుగుదును. కావున కొలదిగానే చెప్పెదను. 2025 మార్చి చివరకు దేశమంతటను గల సౌరవిద్యుత్తు సామర్థ్యము 1,05,000 మెగావాట్లకు మించినది. అందులో రాజస్థానమొక్కటియే సుమారు 28,000. గుజరాతు 18,000. మహారాష్ట్రము, తమిళనాడు పదేసివేలు. కర్ణాటకము వానికి చేరువ. ఆంధ్రప్రదేశము, తెలంగాణము ఒక్కొక్కటి ఐదువేలకు అటు నిటు. ఇక తూర్పునకు తిరుగుడు. పదికోట్లకు పైబడిన జనముగల బీహారునందు 500 మెగావాట్లు లేవు. పశ్చిమవంగమునను లేవు. ఝార్ఖండమున 300 అయినను లేవు. గాలిమరల సంగతి ఇంకను చిత్రము. దేశములోని 50,000 మెగావాట్లలో గుజరాతు, తమిళనాడు, కర్ణాటకము, మహారాష్ట్రము, రాజస్థానము, ఆంధ్రప్రదేశము, మధ్యప్రదేశము అను ఏడు రాష్ట్రముల పాలు తీసివేసినచో మిగులునది నూటికి ఒకపాలైన కాదు.

గాలి విషయమున ప్రకృతి పక్షపాతము గలదని ఒప్పుకొనక తప్పదు. పడమటి కనుమలు గోడవలె నిలిచి నైఋతి ఋతుపవనమును అడ్డుచున్నవి. ఆ గోడకు దక్షిణమున సందులు కొన్నియే: పాలక్కాడు సందు, సెంకోట సందు, కన్యాకుమారి కడనున్న ఆరల్వాయిమొళి కనుమ. వైశాఖము దాటినది మొదలు భాద్రపదము వఱకు గాలి ఈ సందులలో ఇఱుకుకొని, వేగము హెచ్చి, ఆవలి మైదానములపై విరుచుకొనిపడును. గాలివేగము రెండింతలైనచో దానియందలి శక్తి ఎనిమిదింతలగునని శాస్త్రజ్ఞుల లెక్క. కావుననే కనుమ ముఖమున నున్న ముప్పందలు చుట్టుప్రక్కల గాలిమరలు తాటితోపువలె నిలిచినవి. కొంచెము దూరము పోయినచో ఒక్కటియు కానరాదు. బీహారు మైదానమున ఇట్టి గాలి లేదు. అందులకు ఎవరిని నిందింతుము?

అయితే గాలి కథయైనను ప్రకృతితో ముగియలేదు. 1986లో ప్రభుత్వము ప్రయోగార్థము తొలి గాలిమరలను తమిళనాట మాత్రమే నిలుపలేదు. గుజరాతున ఓఖాలోను, మహారాష్ట్రమున రత్నగిరిలోను నిలిపినది. తరువాత తమిళనాడు ముందుకు దూకుటకు కారణము కోయంబత్తూరు, తిరుప్పూరు నూలుమిల్లుల యజమానులు. 1990 దశకమున గాలిమర ఖరీదునంతయు మొదటియేటనే తఱుగుదల క్రింద వ్రాసికొని ఆదాయపుపన్ను తగ్గించుకొనుటకు కేంద్రప్రభుత్వము అవకాశమిచ్చెను. మిల్లువారికి లాభము గలదు, పన్ను గలదు, నిత్యము విద్యుత్తు అవసరము గలదు. గాలికాలమున పుట్టిన యూనిట్లను రాష్ట్ర విద్యుత్సంస్థకడ దాచుకొని, గాలిలేని నెలలలో తీసికొనుటకు అనుమతియు గలదు. నాటి అనంతపురము జిల్లా రామగిరి కొండలమీదను మంచి గాలియే వీచును. 1990 దశకముననే అచ్చటను మరలు లేచినవి. కాని ఆ కొండ క్రింద గాలిని కొనగల మిల్లు లేదు. వేరుసెనగ చేలు మాత్రము గలవు.

ఎండకు వచ్చునప్పటికి ప్రకృతిపై నేరము మోపుట మఱింత కష్టము. ఒకే పలక జైసల్మేరులో ఒక యేడు పుట్టించు శక్తికిని, పాట్నాలో పుట్టించు శక్తికిని గల భేదము సుమారు ఐదింట నొకపాలు. అది లెక్కింపదగిన భేదమే. కాని ఇరువదియెనిమిది వేలకును ఐదువందలకు లోపునకును గల భేదము కాదు. బీహారుకంటె ఎంతో తక్కువ ఎండగల జర్మనీ దేశము 2025 నాటికి లక్ష మెగావాట్ల సౌరసామర్థ్యమును సమకూర్చుకొన్నది. మన దేశముననే చూడుడు. బంజరుభూములలో నూటికి మూడుపాళ్ళు పలకలకిచ్చినచో ఏ రాష్ట్రమున ఎంత శక్తి పుట్టునని కేంద్రప్రభుత్వ సౌరశక్తిసంస్థ వెనుకనొక లెక్క వేసినది. ఆ లెక్కలో తమిళనాటికి వచ్చినది 17,670 మెగావాట్లు. ఝార్ఖండమునకు వచ్చినది 18,180. అనగా బొగ్గుసీమకు తమిళసీమకంటె పిసరంత యెక్కువయే. 2025 మార్చి చివరకు తమిళనాడు పదివేలు దాటినది. ఝార్ఖండము మూడువందల లోపుననే యుండినది. ఈ రెండు రాష్ట్రములకు నడుమ సూర్యుడు చేసిన యన్యాయమేమియు లేదు.

మఱి చేసినదెవరు? భూమియని కొందఱు చెప్పుదురు. అందు కొంత నిజము గలదు. ఒక మెగావాటునకు నాలుగైదెకరముల నేల కావలెను. 2011 జనాభా లెక్కలో జైసల్మేరు జిల్లాలో చదరపు కిలోమీటరునకు 17 మంది; బీహారున 1,106 మంది. గంగయొడ్డున మూడు పంటలు పండు నేలపై పలకలు పఱువుమని చెప్పువాడు వివేకి కాడు. అయితే ఝార్ఖండమునకు ఈ సమాధానము చెల్లదు. బొగ్గు త్రవ్వి విడిచిన గుంటలు, మట్టిగుట్టలు, సేద్యమునకు పనికిరాని పాడునేలలు అచ్చట ఎన్నియో గలవు. నేల చాలనిచోట నీటిని వాడుకొనవచ్చును: 2012లో గుజరాతువారు నర్మదకాలువపై పలకలు కప్పిరి, 2022లో రామగుండమున జలాశయముపై 100 మెగావాట్ల పలకలు తేలినవి.

నా మతమున అసలు కారణము వడ్డీ. ఈ మాట వినుటకు శుష్కముగా నున్నను, దీనిని గ్రహింపనిదే తక్కినదేదియు బోధపడదు. బొగ్గువిద్యుత్తు కర్మాగారము నడచినన్నాళ్ళు బొగ్గు కొనుచుండును. ఖర్చు ముప్పదియేండ్లపై పఱచుకొనును. సౌరక్షేత్రమునకు ఖర్చంతయు మొదటియేటనే. ఎండ ఉచితము, ఎండను పట్టు వల ఖరీదు. ఆ వలకు అప్పు తేవలెను. అప్పిచ్చువాడు ఒక్కటే ప్రశ్న అడుగును: ఈ శక్తిని ఇరువదియైదేండ్లు కొనువాడెవడు, అతడు నెలనెలా సొమ్ము చెల్లించునా? కొనువాడు రాష్ట్ర పంపిణీసంస్థ. అది క్రమముగా చెల్లించు సంస్థయైనచో వడ్డీ తగ్గును, యూనిట్ ధర తగ్గును. బాకీలు పెట్టు సంస్థయైనచో ఎండ ఎంత కాచినను అప్పు పుట్టదు.

గుజరాతు తన విద్యుత్సంస్థను 2005లో విభజించి పద్దులు చక్కబఱచుకొన్నది. కేంద్రము 2010లో జాతీయ సౌరోద్యమమును ఆరంభింపకమునుపే, 2009లో, తన సౌరవిధానమును ప్రకటించినది. 2012లో పాటణు జిల్లా చరణకలో సౌరక్షేత్రమును తెఱచినది. ఝార్ఖండము సంగతి చూడుడు. 2020 అక్టోబరులో ఆ రాష్ట్రము దామోదరలోయ సంస్థకు పడిన బాకీక్రింద 1,417 కోట్ల రూపాయలను కేంద్రము రిజర్వుబ్యాంకునందలి రాష్ట్రపు ఖాతానుండి తీసికొన్నది. దేశమునకెల్ల బొగ్గునిచ్చిన రాష్ట్రము విద్యుత్తు బిల్లు కట్టలేకపోయినది! ఇట్టి కొనుగోలుదారును నమ్మి ఇరువదియైదేండ్ల అప్పిచ్చు బ్యాంకు ఏది?

మన యింటి ముచ్చటయు చెప్పవలెను గదా. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వెనుకటి గాలి, సౌర ఒడంబడికలలోని ధరలను తగ్గింపజూచెను. ధరలు హెచ్చని వాదించుటకు ఆధారము లేకపోలేదు. గాలివిద్యుత్తునకు యూనిట్ 4 రూపాయల 84 పైసలు కుదిరియుండగా, అప్పటికి వేలములలో ధర అంతకంటె ఎంతో దిగినది. వ్యాజ్యము ఉన్నతన్యాయస్థానమునకు పోయినది; ఒడంబడికలు చెల్లునని 2022 మార్చిలో తీర్పు వచ్చినది. మిగిలిన పైసలెన్నియో నాకు తెలియదు గాని, 2019లో 4,090 మెగావాట్లుగా నున్న ఆంధ్రప్రదేశపు గాలిసామర్థ్యము 2024 నాటికిని దాదాపు అచ్చటనే నిలిచినది. ఆ ఐదేండ్లలో గుజరాతు, కర్ణాటకము సాగిపోయినవి. గాలి మాఱలేదు, నమ్మకము మాఱినది.

ఇక తంత్రుల సంగతి. సౌరక్షేత్రమును ఒకటిన్నర రెండేండ్లలో లేపవచ్చును. దూరప్రసార తంత్రులను వేయుటకు అంతకంటె హెచ్చుకాలము పట్టును. కావున తంత్రి ముందుగా పోయినచోటికే పెట్టుబడి పోవును. 2015లో కేంద్రము ఆమోదించిన హరితశక్తి మార్గముల పథకమున రాష్ట్రాంతర్గత తంత్రులకు సహాయము పొందినవి ఎనిమిది రాష్ట్రములు: తమిళనాడు, రాజస్థానము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము, మహారాష్ట్రము, గుజరాతు, హిమాచలప్రదేశము, మధ్యప్రదేశము. శక్తి సమృద్ధిగా నున్నచోటికి తంత్రి వేయుట తప్పని యెవరనగలరు? కాని ఫలితము చూడుడు. తంత్రి యున్నచోట క్షేత్రములు పెరిగినవి. క్షేత్రములు పెరిగినవని మఱల తంత్రి. లేనిచోట క్షేత్రము లేదు గనుక తంత్రి యక్కఱలేదనిరి. ఇంతచేసియు 2025లో రాజస్థానమున పగటిపూట పుట్టిన శక్తిలో కొంతభాగమును, తంత్రులు చాలక, ఆపివేయవలసి వచ్చినది. ఒకచోట వండిన కూడు వడ్డించు దిక్కులేక పడియుండ, వేఱొకచోట పొయ్యియే రాజుకొనలేదు.

ఇచ్చట మీకొక పాతకథ జ్ఞాపకము చేయవలసియున్నది. 1952 మొదలు 1990 దశకపు తొలియేండ్లవఱకు మన దేశమున సమకిరాయి విధానమొకటి నడచినది. ధన్‌బాదు బొగ్గును, జంషెడ్‌పూరు ఉక్కును దేశమున ఏ మూలకు తీసికొనిపోయినను, రైలుకిరాయి భేదము కొనువానికి తెలియకుండునట్లు చేసిరి. దేశమంతటను పరిశ్రమలు సమానముగా పెరుగవలెనని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని బొగ్గుగని ప్రక్కన కర్మాగారము పెట్టుటలో నున్న లాభము అడుగంటినది. బొంబాయిలో రేవు గలదు, విపణి గలదు, ధనము గలదు. బొగ్గును అదే ధరకు అచ్చటికే వచ్చుచుండగా ఝరియా ప్రక్కకు పోవువాడెవడు? తూర్పుసీమకు గుంటలును, పొగయు, కూలియు మిగిలినవి. పరిశ్రమ పడమటికి పోయినది. నూలునకు, పత్తికి అట్టి సమకిరాయి ఏల లేదని వంగదేశీయులు ఏండ్లతరబడి అడిగిరి. సమాధానము రాలేదు.

ఇప్పుడు 2016 తరువాతి సంగతి వినుడు. ఎండనుండియు గాలినుండియు పుట్టిన శక్తిని ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పంపునప్పుడు ప్రసారపు రుసుమును మాఫీ చేసిరి. 2025 జూన్ 30 లోపల పని ముగించిన క్షేత్రములకు పూర్తిమాఫీ. తరువాతివానికి ఏటేట నాలుగవపాలు చొప్పున తగ్గుచు పోవును. రుసుము మాఫీయైనంతమాత్రమున తంత్రి ఖర్చు మాయము కాదు. తంత్రులను వాడుకొను తక్కిన పంపిణీసంస్థలన్నియు ఆ భారమును పంచుకొనవలసినదే. బీహారు సంస్థ, ఝార్ఖండపు సంస్థ అందులో చేరినవే. జైసల్మేరు శక్తి పాట్నాకు కిరాయిలేకయే వచ్చును; పాట్నా ప్రక్కన పుట్టు శక్తికి దగ్గఱతనమువలన రావలసిన లాభము పోవును. ఆనాడు బొగ్గును దూరమునకు పంపుటకు కిరాయి మాపిరి. ఈనాడు ఎండను దూరమునుండి తెచ్చుటకు కిరాయి మాపిరి. రెండుమాఱులును నష్టపడినది ఒకే సీమ.

దీనిపై ఒక ఆక్షేపణ గలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. 2010లో సౌరవిద్యుత్తు వేలములలో యూనిట్ పదిరూపాయలకు పైబడి పలికినది. 2017 మే నెలలో రాజస్థానపు భడ్లా క్షేత్రమున 2 రూపాయల 44 పైసలకు దిగినది. ఈ దిగుబాటునకు కారణము పెద్దపెద్ద క్షేత్రములు, ఎండ మిక్కుటముగా గలచోట, ఒక్కపట్టున లేచుటయే. బీహారు రైతు భడ్లా ధరకు విద్యుత్తు పొందుట అతనికి మేలే గాని కీడు గాదు. ప్రతి రాష్ట్రమును తన విద్యుత్తును తానే పుట్టించుకొనవలెనను పట్టుదల గోధుమలు పండని నేలలో గోధుమలు చల్లుటవంటిది. ఈ వాదము నాకు సమ్మతమే. రుసుము మాఫీ లేనిచో ఈ పని ఇంత వడిగా నడచియుండదనియు ఒప్పుకొందును. నేనడుగునది వేఱు. 2029–30 నాటికి వాడుకలో నూటికి 43 పాళ్ళకు పైగా పునరుత్పాదక శక్తియే యుండవలెనని అన్ని రాష్ట్రములకు ఒకే విధి విధించిరి. విధి అందఱికి సమానమైనపుడు, ఆ విధిని నెఱవేర్చుకొను సాధనములు కొందఱికే ఏల యిచ్చితిరి? చౌకవిద్యుత్తు ఒక లాభము. దానిని పుట్టించుటలో నుండు కూలి, కౌలు, నేర్పు, పన్ను అనునవి వేఱొక లాభము. మొదటిది తూర్పునకు వచ్చుచున్నది, రెండవది రాదు.

రెండవ లాభమైనను ఎండసీమలవారికి సరిగా దక్కుచున్నదా? అదియు పరీక్షింపవలెను. బొగ్గు త్రవ్విన రాష్ట్రమునకు బొగ్గు విలువలో నూటికి 14 పాళ్ళు రాయల్టీ వచ్చును. 2015 తరువాత గనులున్న జిల్లాకు ఖనిజనిధియు ఏర్పడినది. ఏటినీటితో విద్యుత్తు పుట్టించినచో ఆ రాష్ట్రమునకు నూటికి 12 పాళ్ళు ఉచితవిద్యుత్తు ఈయవలెను. ఎండకును గాలికిని ఇట్టిదేదియు లేదు. రాజ్యాంగములో రాష్ట్రములకు దత్తమైనది విద్యుత్తు వాడుకపైని, అమ్మకముపైని పన్ను. ఉత్పత్తిపై పన్ను వేయరాదని 2023లో కేంద్రము రాష్ట్రములను హెచ్చరించినది. కావున పుట్టిన నేలకు పన్ను లేదు, వాడిన పట్టణమునకు గలదు. రాజస్థానము దీనిని గ్రహించియే, పొరుగు రాష్ట్రములకు పోవు శక్తిపై మెగావాటునకింతయని ఒక అభివృద్ధినిధికి రాబట్టు నియమమును 2019 నాటి తన విధానములో చేర్చుకొన్నది.

బంజరు అను మాట నొకింత తడవి చూడవలెను. సర్కారు దస్తరములో బంజరని వ్రాసిన నేల ఊరివారికి బంజరు కాకపోవచ్చును. జైసల్మేరు ప్రాంతమున ఓరణములని దేవునిపేర విడిచిన మేతభూములు గలవు. ఒంటెలు, గొఱ్ఱెలు, మేకలు వానిపై బ్రదుకును. పట్టా లేదు గనుక అవి లెక్కలో ఖాళీనేలలు. వానిని పలకలకు ఈయరాదని అచ్చటి కాపరులు మొఱపెట్టుకొనుచున్నారు. ఆ నేలలపైననే బట్టమేకపిట్టయు మిగిలియున్నది. మన కర్నూలు సీమలో రోళ్ళపాడున దానికి ప్రత్యేకముగా ఆశ్రయము ఏర్పఱచితిమి గనుక ఆ పక్షి పేరు మీలో చాలమంది వినియేయుందురు. అది తంత్రులకు తగిలి చచ్చుచున్నదని 2021లో సర్వోన్నతన్యాయస్థానము తంత్రులను నేలలో పూడ్చుమన్నది; 2024లో ఆ యాజ్ఞను సడలించినది. పిట్టకు వకీలు దొరికినాడు. గొఱ్ఱెలకాపరికి ఇంకను దొరకలేదు.

రాష్ట్రములోపలను ఇదే భేదము. తుమకూరు జిల్లా పావగడ చుట్టును చాలవఱకు మన రాష్ట్రపు నేలయే. అచ్చట తెలుగు ఇంటింట వినబడును. అచ్చటి సౌరక్షేత్రము 2,050 మెగావాట్లు, సుమారు 13,000 ఎకరములు. నేలను కొనలేదు, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు, రెండేండ్లకొకసారి నూటికి ఐదు చొప్పున పెంపు. కఱవుసీమలో వాననమ్ముకొన్న రైతునకు ఇది తక్కువ సొమ్ము కాదు. ఈ యేర్పాటును నేను మెచ్చుకొనుచున్నాను. అయితే కౌలు వచ్చునది నేలగలవానికి. ఆ నేలలో కలుపుతీసి, కాయలు వలిచి బ్రదికిన కూలివానికి, పరులచేను దున్నుకొన్న పాలికాపునకు, ఏమి వచ్చును? పలకలు కడుగు పనియు, కావలి పనియు కొందఱికి. తక్కినవారు బెంగుళూరు బస్సు ఎక్కవలసినదే. కర్నూలు ప్రక్క గని, శకునాల గ్రామములలో 2017 నాటికి 1,000 మెగావాట్ల క్షేత్రము లేచినది. రాయలసీమ పెక్కు తరములు కఱవునకు పేరుపడినది. ఇప్పుడు ఎండయే ఆస్తియైనదని మనము సంతోషించునప్పుడు, ఆ యాస్తి పత్రము ఎవరిపేర నున్నదో చదువుకొనుట మంచిది.

తెలంగాణము కొంత వేఱుమార్గమున నడచినది. 2015 నాటి విధానమున ఒకే మహాక్షేత్రమునకై వేచియుండక, జిల్లాలలోని ఉపకేంద్రముల ప్రక్కనే చిన్నచిన్న క్షేత్రములు చేర్చుటకు వీలుకల్పించినది. గాలి దాదాపు లేని రాష్ట్రము; గాలిమరలు 128 మెగావాట్లే. అయినను సౌరమున కొలదియేండ్లలోనే మూడువేలు దాటినది. పుట్టినచోటనే వాడుక గనుక దూరతంత్రులకై ఎదురుచూడవలసిన పని తగ్గినది. సింగరేణి సంస్థయు తన గనుల ప్రక్కనే 200 మెగావాట్లకు పైగా పలకలు నిలిపినది. బొగ్గుసంస్థ ఎండను పట్టుట వింతగా తోచవచ్చును. నేల దానిది, తంత్రి దానిది, పద్దు సరియైనది. మఱి వింత యేమున్నది?

చిన్నక్షేత్రములను పొగడునప్పుడు ధర్నైని మఱువరాదు. బీహారున జెహానాబాదు జిల్లాలోని ఆ గ్రామమునకు 2014లో ఎండతో నడచు స్వంత విద్యుత్తు వచ్చినది. కొలదికాలమునకే ప్రభుత్వపు తంత్రియు వచ్చినది. ప్రభుత్వవిద్యుత్తు చౌక, సౌరవిద్యుత్తు ప్రియము. జనులు చౌకదానిని కోరిరి, పలకలు మూలపడినవి. ఇందు గ్రామస్థుల తప్పేమియు లేదు. ప్రభుత్వతంత్రిలోని యూనిట్‌నకు రాయితీ ఇచ్చి, ఊరిపలకలోని యూనిట్‌నకు ఈయకపోయిన ఏ పల్లెలోనైనను ఇదే జరుగును. ఊరిపలకలను ఆ తంత్రికే కలిపి, మిగిలిన యూనిట్‌ను పంపిణీసంస్థ కొనియుండినచో అవి మూలపడకుండెడివి.

కావున నాకు తోచిన కార్యము ఇది. పడమటినుండి వచ్చు చౌకశక్తిని ఆపవలదు. కాని రుసుము మాఫీక్రింద ఇన్నాళ్ళు మోపిన భారమునకు సమానమైన సహాయమును తూర్పుసీమ పంపిణీసంస్థల చేతికీయక, నేరుగా అచ్చటి ఉపకేంద్రముల ప్రక్కన లేచు క్షేత్రముల అప్పునకు పూచీగా పెట్టవలెను. పూచీ యున్నచో వడ్డీ దిగును. వడ్డీ దిగినచో తక్కినది దానంతట నడచును. ఎండసీమలలో ఖనిజనిధివంటి నిధి జిల్లాకొకటి యుండవలెను. అందులో మొదటిపాలు నేలలేనివానిది కావలెను. ఈ రెండును కొత్త సిద్ధాంతములు కావు. ఒకటి బ్యాంకులు నిత్యము చేయు పని. రెండవది గనులచట్టములో 2015 నుండి యున్న పని.

ఝార్ఖండమునకు తంత్రులు లేవను మాట కూడ సరిచూడదగినది. ఒడిశా, ఛత్తీస్‌గఢము, ఝార్ఖండము కలిసి దేశపు బొగ్గులో మూడింట రెండుపాళ్ళకు చేరువగా త్రవ్వుచున్నవి. దేశపు విద్యుత్తులో నాలుగింట మూడుపాళ్ళకు దగ్గఱగా ఇప్పటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. ఈ పని యంతయు గాలిలో జరుగలేదు. బొగ్గు మండినచోటనుండి నగరములకు పోవు మహాతంత్రులు డెబ్బదియేండ్లుగా ఆ సీమలో వేయబడుచునే యున్నవి. పాత కర్మాగారము మూతపడినపుడు పొగగొట్టము కూలును గాని, దాని ముంగిటి ఉపకేంద్రము కూలదు. దామోదరలోయ సంస్థ 1948లో పుట్టినది. దాని మైథాను, పంచేతు జలాశయములు ఆ తంత్రుల చేరువనే యున్నవి, వానిపై పలకలు తేల్చు ప్రయత్నములు సాగుచున్నవి. ఝరియాలో 1916 మొదలు నేలక్రింద బొగ్గు మండుచున్నది. దానిపై కాపురమున్నవారిని తరలించి బ్రదుకుతెరువు చూపుటకు 2025 జూన్‌లో 5,940 కోట్ల రూపాయల సవరింపు పథకమును కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. నీరు గలదు, తంత్రి గలదు, పాడునేల గలదు, విద్యుత్పని తెలిసిన చేతులు గలవు. గని మూసిననాడు ఆ చేతులు సూరతుకో, తిరుప్పూరుకో పోవుటకు ముందే పని అచ్చటికి చేరవలెను.